గజేందర్ బదులు పండుకున్న

కడెం ప్రాజెక్టు గేట్ల మీదికెళ్లి నీళ్లు దుంకిన యేడు జరిగింది ఇది. కట్ట తెగుతదేమోనని కింది ఊర్లు ఖాళీ చేయించిన్రు ఆ యేడు. మేం ఖతర్‌ల ఉన్నం. అక్కడ వాన, ఇక్కడ ఎండ. ఫోన్ల ఆ నీళ్లు చూసుకుంట చెమటలు తుడుసుకున్నం.

కట్ట తెగలే. గాని నీళ్లు ఊర్లె జొచ్చినయ్. గజేందర్ ఇంటి ఎనుక గోడ కూలింది. వాని పెండ్లాం మమత వీడియోల ఆ బురద చూపెట్టింది. గజేందర్ చూసిండు. పైమంచం మీద ఛాతీ పట్టుకొని కూసున్నడు.

కిందిమంచం నాది. నా పేరు పోశన్న. ఖతర్ వచ్చి పంతొమ్మిదేండ్లాయె. ముందుగాల ఇనుప సలాక కట్టే పని చేసిన, ఇప్పుడు సైటు స్టోర్ కాడ కూసుంట. గజేందర్‌ది మా పక్కూరు. నలభై నాలుగేండ్లు ఉంటయి, సెంట్రింగు పని. నన్ను కాక అంటడు.

బదులు సంగతి చెప్పాలె. మా దిక్కు నాట్లప్పుడు బదులు పోతరు. ఇయ్యాల నువ్వు మా మడిల నాటెయ్యి, రేపు నేను మీ మడిల నాటేస్త. కూలి లేదు, కాగితం లేదు. క్యాంపుల సుత అదే నడిసింది. ఒకని డ్యూటీకి ఇంకొకడు పోవుడు, ఒకని వంట వంతుకు ఇంకొకడు నిలవడుడు. అది మంచిదే. దాన్ని తెచ్చి మెడికల్‌ల పెట్టిన్రు. షుగరున్నోని బదులు షుగరు లేనోడు వేలు పొడిపిచ్చుకునుడు. ఒకని పేరున్న సీసల ఇంకొకని ఉచ్చ. ఆ సీస అంగీ కింద దాసుకొని ఎచ్చగ తెచ్చేటోళ్లు. రూములకు రూములు నవ్వేటియి. నేను సుత నవ్విన.

గజేందర్ గుండె ఆరుద్ర కార్తెల తప్పింది. ఒక పొద్దు బస్సు ఎక్కే ముందు నా చెయ్యి గుంజి వాని ఛాతీ మీద పెట్టుకున్నడు.

"కాక, జర చూడు. లోపట ఏందో అయితుంది."

నా అరచేతికి తెలిసింది. ఇద్దరాడోళ్లు ఒకే రోట్ల దంచుతుంటే పోటు తప్పుతది సూడు, రోకలికి రోకలి తాకుతది, అట్ల ఉన్నది. కొంచెంసేపు గబగబ, కొంచెంసేపు ఆగినట్టు. మల్ల గబగబ.

"డాక్టర్‌కు చూపిచ్చుకోరా," అన్న.

"చూపిస్తే అన్‌ఫిట్ రాస్తరు. టికెట్ చేతుల పెడ్తరు. ఊకో కాక, గదే తగ్గుతది."

నేను ఊకున్న. ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పే అలవాటు నాకు లేదు. అది పెద్దరికం అనుకునేటోన్ని. పెద్దరికం కాదు, బద్దకం.

తగ్గలే. మెట్లెక్కితే ఆగుతుండె. అన్నం సగంల ఇడిసిపెడుతుండె. పుష్యాల కార్తె వచ్చింది, ఊర్లె నీళ్లు వచ్చిపోయినయ్, కంపెనీ మెడికల్ వచ్చింది. అకామా, ఈడ ఉండే పర్మిట్, కొత్తగ చేసేటోళ్లందరికి గుండె కాగితం తియ్యాలె. లిస్టుల గజేందర్ పేరున్నది. నా పేరు లేదు, నాది మార్చిలనే అయింది.

లిస్టు తెచ్చినోడు తిరుమల్. గజేందర్ బామ్మర్ది వాడు, మమత తమ్ముడు. క్యాంపుల టైంకీపర్. ఇస్త్రీ అంగీ, చిటికెన వేలుకు పొడుగు గోరు. ఆ గోరుతోటి లిస్టు మీద గీసుకుంట మాట్లాడుతడు. మా రూముకొచ్చి బావ మొకం సుత చూడలే, నా దిక్కు తిరిగిండు.

"కాక, రేపు బావ బదులు నువ్వు పండుకోవాలె."

"నాకు యాభై తొమ్మిది."

"మొకానికి మాస్కుంటది. గుండెకు వయసు ఎవడడుగుతడు? నీది గడియారమోలె కొట్టుకుంటదని క్యాంపంత ఎర్కే."

గజేందర్ పైమంచం మీదికెళ్లి తల కిందికి వంచి, "కాక, గోడ పోయింది గదా," అన్నడు. గంతే.

నేను సరే అన్న.

మెడికల్ వ్యాన్ క్యాంపుల మెస్సు పక్కన ఆగింది. మూడు రోజులుంటదన్నరు. లోపట ఒక మంచం, ఒక మిషిను, ఒక పిలగాడు. మంచం మీది దుప్పటి నా ముందు పోయినోళ్ల చెమటతోటి చల్లగ అంటుకుంటుండె. గజేందర్ బతాకా, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, ఇచ్చిన. పిలగాడు నంబర్ కొట్టిండు, ఫొటో దిక్కు చూడలే. అంగీ ఇప్పమన్నడు. స్టిక్కర్లు అంటలేవని రేజర్ తీసి నా ఛాతీ మీద ఆరు జాగల గీసిండు. ముందటోనికి గీసిన రేజరే. దానికి నల్ల ఎంటికెలు పట్టుకొని ఉన్నయ్. నా ఎంటికెలు తెల్లయి. బతాకాల నలభై నాలుగేండ్లు. ఆ తెల్ల ఎంటికెలు వాడే గీకి, వాడే ఊది కింద పడేసిండు. వాని కండ్లకు కనవడలే. వాని చెవుల్ల తీగెలున్నయ్, ఏదో పాట ఇనుకుంట తల ఊపుతుండు.

మిషిను కాగితం కక్కింది. "నార్మల్. ఖలాస్. యల్లా, దూస్రా," అని ఇంకోన్ని పిలిసిండు.

బయట తిరుమల్ కాగితం తీసుకొని అందరికి చూపెట్టిండు. "చూడుండ్రి, కాక గుండె మీదికెళ్లి రైలు నడిపియ్యచ్చు!"

"కాకకు రెండో లగ్గం చేద్దమా?" ఎవడో ఒర్రిండు.

"గుండెకేనా, అన్నిటికి మెడికల్ అయిందా?" ఇంకోడు.

నవ్విన్రు. చాయ్ తెప్పిచ్చిన్రు. నేను తాగిన. తాగుడే కాదు, నాకు సంబరమైంది. ఎవడో నా గుండె మంచిదంటే, నా అసొంటోనికి సంబరమైంది. పైమంచం మీద పోటు తప్పి కొట్టుకునే గుండెను పెట్టుకొని, నేను కింద నా గుండెను మెచ్చుకుంట నిద్రపోయిన. ఇది తల్సుకుంటే ఇప్పటికీ నోట్ల నీళ్లూర్తయి. కక్కొచ్చే ముందు ఊర్తయి సూడు, ఆ నీళ్లు.

తెల్లారి సైటు వక్రా అనే ఊర్ల. ఎండకాలం పొద్దుగాల ఐదుకు ఎక్కి పదికి దిగుడే, మధ్యాహ్నం పని బందు. తొమ్మిది దాటింది. గజేందర్ నా స్టోర్ కాడికి మేకుల కోసం వచ్చిండు. డబ్బ అందుకునేతందుకు వంగిండు, మల్ల లేవలే. మోకాళ్ల మీద కూలవడ్డడు. కక్కిండు. నా చెప్పుల మీద పడ్డది. మొకం సున్నమేసిన గోడ లెక్కయింది.

సేఫ్టీ ఆయన ఫోన్ కొట్టిండు, అంబులెన్స్ వచ్చింది. ఎవరన్న ఒకరు ఎక్కుండ్రన్నరు. నేనెక్కిన.

పెద్ద దవాఖానల ఎమర్జెన్సీ. పరదల నడుమ మంచం. మేం పోంగనే ఒక నర్సమ్మ వచ్చింది. పొట్టి మనిషి, నలభై దాటి ఉంటది, మాస్కు మీద కండ్లద్దాలకు ఆవిరి పట్టింది. చేతులు మాత్రం ఆగలే. తీగెలు అంటిచ్చింది, జబ్బకు పట్టీ కట్టింది, సూది గుచ్చి రక్తం తీసింది. గజేందర్ "అవ్వా" అని మూలిగిండు. ఆమె తల ఎత్తింది.

"తెలుగువాళ్ళా? ఏ ఊరండీ?"

"నిర్మల్ దిక్కు," అన్న.

"మాది అమలాపురం దగ్గర. నా పేరు శివకుమారి. భయపడకండి. ఏమైందో ఒక్కొక్కటే చెప్పండి."

మానిటర్ల గీతలు ఎగురుతున్నయ్, ఒక గీతకు ఇంకో గీతకు దూరం కుదురుతలేదు. అయినా ఆమె మిషిన్‌ను నమ్మి ఊకోలే. ఒక చేత్తోటి వాని మణికట్టు పట్టుకున్నది, ఇంకో చేత్తోటి ఛాతీ మీద గొట్టం పెట్టింది, గోడ గడియారం దిక్కు నిమిషం నిండ చూసింది. నేను చూస్తున్నది చూసి చెప్పింది.

"లోపల నూట యాభై కొడుతోందండి. మణికట్టు దాకా నూట పదే వస్తున్నాయి. మిగతా దెబ్బలు దారిలోనే ఊరికే పోతున్నాయి. అందుకే కళ్ళు తిరిగాయి."

ఇంతట్ల తిరుమల్ వచ్చిండు. కంపెనీ బండిల. అంగీ మీద ముడత లేదు.

"ఈ దడ ఎప్పటినుంచి ఉంది?" నర్సమ్మ అడిగింది.

"ఇయ్యాలనే మేడం," గజేందర్ అన్నడు.

"ఇదివరకు ఎప్పుడైనా?"

"లేదు మేడం."

"బాగా ఆలోచించి చెప్పండి. మెట్లెక్కితే ఆయాసం, రాత్రి పడుకుంటే గుండె అదరడం?"

"నిన్ననే మెడికల్ అయింది మేడం," తిరుమల్ అందుకున్నడు. "ఫుల్ నార్మల్. ఇగో, చూడండ్రి."

ఫోన్ల కాగితం చూపెట్టిండు. పైన గజేందర్ పేరు, నంబర్. కింద నా గుండె. గీతలు గీసినట్టు వరుసగ ఉన్నది. నాకు చూడబుద్ధి కాలే.

డాక్టర్ వచ్చిండు, సూడానాయన. ఆ కాగితం చూసిండు, మానిటర్ చూసిండు. నర్సమ్మతోటి ఇంగ్లీషుల మాట్లాడి పోయిండు. ఆమె ఒక సూది ఎక్కిచ్చింది, గుండె పరుగు నెమ్మది చేసేతందుకు. పావుగంట పక్కనే నిలవడి చూసింది. నూట యాభై నూట నలభై అయింది, అక్కడ్నే నిలిచింది.

"మత్తిచ్చి గుండెకి చిన్న కరెంటు షాకు ఇస్తారండి," అన్నది. "సర్దుకుంటుంది. నిన్నటిదాకా బాగుంది కాబట్టి ఇప్పుడే ఇవ్వచ్చు అంటున్నారు డాక్టరుగారు. పొద్దున ఏం తిన్నారు?"

"చాయ్. రెండు బిస్కెట్లు," అన్నడు గజేందర్.

"మేడం, జల్ది షాక్ కొట్టి తోలియ్యండ్రి," తిరుమల్ అన్నడు. "ఎల్లుండి శ్లాబు ఉన్నది."

ఆమె వాని దిక్కు చూసింది. మందుల బండి కాడికి పోతుంటే నేను ఎంబడి పోయిన. నాకు ఒక్కటే మాట గుచ్చుకున్నది. నిన్నటిదాక బాగుంది కాబట్టి.

"బాగలేకుండె అనుకో?" అన్న.

ఆమె చేతులు ఆగినయ్. "అంటే?"

"ఊకెనే అడుగుతున్న."

"ఊరికే అడగరండీ ఎవరూ. వినండి బాబాయ్ గారు. గుండె ఇలా తప్పి కొట్టుకుంటుంటే లోపల ఒక మూలన రక్తం కదలకుండా నిలబడిపోతుంది. రెండు రోజులు దాటితే అక్కడ గడ్డ కట్టొచ్చు. గుండె తప్పి కొట్టుకున్నన్నాళ్ళూ ఆ గడ్డ అక్కడే ఉంటుందేమో. మనం షాకిచ్చి గుండెని సరిచేశామనుకోండి, అది గట్టిగా పిండుతుంది. ఆ గడ్డ లేచి తలకాయలోకి వెళ్తుంది. కాలూ చెయ్యీ పడిపోతాయి, మాట పడిపోతుంది. మనిషే పోవచ్చు. అందుకే పది సార్లు అడిగాను ఎప్పటినుంచని. నా పని సగం ఇదేనండి, అడగడం."

చెప్పబోతిని. తిరుమల్ వచ్చి నా రెక్క పట్టి పరద అవుతలకు గుంజుకపోయిండు.

"ఏం చెప్తున్నవ్ కాక ఆమెకు?"

"నెల అయిందని చెప్తె మంచిది. గడ్డ ఉంటదట. షాక్ కొడ్తే తలకు ఎక్కుతదట."

"ఉంటదట, ఎక్కుతదట! ఉంటే గింటే. అందరికి ఉంటదా? డాక్టర్ కన్న నీకెక్కువ తెలుసా, మూడో తరగతి?" చిటికెన గోరు నా ఛాతీకి ఆనిచ్చిండు. "నువ్వు నోరిప్పితే బావది పోతది. నీది పోతది. లిస్టు తయారు చేసినోన్ని నేను, నాది పోతది. ఆరుగురి కాగితాలున్నయ్ గట్లయి. బావనే వద్దన్నడు, నడుమ నువ్వెవనివి?"

"నీ అక్క మొగడు రా వాడు."

"అందుకే చెప్తున్న."

వాని నోట్లెకెళ్లి సోంపు వాసన వచ్చింది. దవాఖాన వాసనల ఆ తియ్యటి వాసన. రోత వాని మీద కన్న నా మీద ఎక్కువ పుట్టింది. వాడు ఉత్త లిస్టు రాసిండు. పండుకున్నది నేను.

మల్ల లోపటికి పోయిన. గజేందర్ కండ్లు నా మీదనే ఉన్నయ్. వద్దని తల అటు ఇటు ఊపిండు, నర్సమ్మ చూడకుంట. ఆమె రెండు పెద్ద రెక్కల అసొంటి అట్టలు తెచ్చి పెట్టింది, షాక్ వాటికెళ్లే పోతదట. అవి అంటాలంటే ఎంటికెలు తియ్యాలె. చిన్న మిషిను పట్టుకొని వాని అంగీ మొత్తం ఇప్పింది. ఆగింది.

గజేందర్ ఛాతీ మీద అడివి ఉంటది. నల్లటి అడివి. ఎక్కడ ఒక్క రేజర్ గీత లేదు. ఇందాక ఆమె తీగెలు సుత పక్కలకు, బుజాల మీద అంటిచ్చింది.

"నిన్న ఈసీజీ తీశారన్నారు కదండీ?"

"అవు మేడం," అన్నడు గజేందర్.

"ఇంత వెంట్రుకల మీద స్టిక్కర్లు ఎలా అంటించారు?"

తిరుమల్ ఎనుకకెళ్లి, "గట్టిగ ఒత్తిన్రు మేడం," అన్నడు.

అంత రోతల సుత నాకు నవ్వొచ్చేటట్టయింది. డాక్టర్ అడుగులు ఇనవడ్డయ్, మత్తిచ్చే ఆయన సుత ఎంబడి వస్తుండు. మాటలు నాకు ఎప్పుడూ జల్ది రావు. అప్పుడైతే అసలే రాలే. అంగీ గుండీలు ఇప్పిన. మీదిది, దాని కిందిది, నాలుగు ఇప్పిన. నర్సమ్మ ముందర నిలవడ్డ.

తెల్ల ఎంటికెల నడుమ ఆరు బోడి జాగలు. జిగురు నల్లగ మట్టి పట్టి ఉన్నది. ఒక జాగల రేజర్ తెగి చెక్కు కట్టింది.

ఆమె చూసింది. కాగితం దిక్కు చూసింది. నా మొకం దిక్కు చూసింది. గిర్రున తిరిగి డాక్టర్‌కు చెయ్యి అడ్డం పెట్టి, ఇంగ్లీషుల రెండు ముక్కలు గట్టిగ అన్నది. షాక్ మిషిన్‌ను చేత్తోటి ఎనుకకు నూకింది. డాక్టర్ నిలవడ్డడు.

"ఎన్నాళ్ళయింది?" నన్ను అడిగింది. "నిజం చెప్పండి."

తారీకు నాకు యాదికి లేదు. "ఆరుద్ర కార్తెల మొదలైంది."

"ఆరుద్ర, పునర్వసు, పుష్యమి." వేళ్ల మీద లెక్కవెట్టింది, ఆమెకు సుత కార్తెలు తెలుసు. "నెల. నెల రోజులండీ!"

"కాక, నీ నోట్ల మన్నువడ," అన్నడు గజేందర్ మంచం మీదికెళ్లి. మెల్లగనే అన్నడు, బలం లేదు. "నా కొంప ముంచినవ్ గదనె."

తిరుమల్ పరద నూకి ఎల్లిపోయిండు.

డాక్టర్, నర్సమ్మ చాలసేపు మాట్లాడుకున్నరు. రక్తం పలచవడే సూది ఇచ్చిన్రు. గొంతులకెళ్లి గొట్టమేసి గుండె ఎనుక దిక్కు చూడాలన్నరు. నేను గుండీలు పెట్టుకుంట నిలవడ్డ. ఆమె చేతులు కడుక్కున్నది. తుడుసుకుంట నా కాడికి వచ్చింది. నన్ను మెచ్చుకుంటదేమోనని నాలోపట ఏదో కుక్క తోక ఊపింది. అబద్ధమెందుకు, ఊపింది.

"నేను పద్దెనిమిదేళ్ళుగా వాంతులు ఎత్తుతున్నానండి," అన్నది. "చీము, రక్తం, మలం, అన్నీ ఎత్తుతాను. ఎప్పుడూ అసహ్యం వెయ్యలేదు. అది ఒంటి పని, దానికి సిగ్గేముంది? ఇవాళ వేసింది. మీరు గుండీలు విప్పినప్పుడు వేసింది. మూడు నిమిషాలు ఆగి విప్పి ఉంటే నా చేతులతోనే ఆ మనిషిని చంపేదాన్ని. నాకు తెలిసేది కూడా కాదు."

చేతులు తుడుసుకున్న కాగితం డబ్బల పడేసింది.

"దీన్ని సాయం అంటారా మీ క్యాంపులో?"

"బదులు అంటం," అన్న.

"మీ బదులు మందు మింగితే ఆయనకి తగ్గుతుందా? ఆయన బదులు మీ కాలు పడిపోతుందా?"

మానిటర్ మోగింది, ఆమె పోయింది.

సాయంత్రం గొట్టం ఏసి చూసిన్రు. నేను బయట బెంచి మీద కూసున్న. ఆమె డ్యూటీ ఏడుకు దిగుతదట, ఆరున్నరకు వచ్చి చెప్పింది.

"ఉందండి. గుండె ఎడమ గది మూలలో. చింతగింజంత."

చింతగింజ ఎంతుంటదో బొటనవేలు గోరు మీద కొలుసుకున్న.

"ఇప్పుడు షాకు లేదు. గడ్డ కరిగేదాకా పల్చబడే మందు, గుండె నెమ్మదించే మందు. వారాలు పడుతుంది. రోజూ ఒకే వేళకి మింగాలి, ఒక్క పూట మానకూడదు. పళ్ళలోంచి రక్తం వచ్చినా, మూత్రం ఎర్రగా వచ్చినా వెంటనే రావాలి. ఆయన నా మాట వినట్లేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. రేపు మళ్ళీ చెప్తాను. వినేదాకా చెప్తాను."

వినేదాకా చెప్తాను. ఆరుద్ర కార్తెల నేను ఒక్కసారి చెప్పి ఊకున్న మాట గుర్తుకొచ్చింది. బెంచి మీద ఇమడలే నాకు.

"ఇంకొకటి," అన్నది. "మీరు చెప్పింది నేను ఇక్కడి ఫైల్లో రాశాను. కానీ నిన్నటి ఆ కాగితం ఆయన పేరు మీద ఆ మెడికల్ వాళ్ళ కంప్యూటర్లో ఉంది. అది ఉన్నన్నాళ్ళూ ఎవరో ఒకరు దాన్ని నమ్ముతారు. రేపు ఇంకెక్కడో ఆయన స్పృహ లేకుండా పడితే, ఇంకో నర్సు దాన్ని చూసి షాకు సిద్ధం చేస్తుంది. పక్కన మీరుండరు. అక్కడిది నేను కొట్టెయ్యలేను."

"ఎవరు కొట్టేస్తరు?"

"పడుకున్నవాళ్ళు వెళ్ళి చెప్తే వాళ్ళు కొట్టేస్తారు."

ఆమె ఎల్లిపోయింది. బస్సు కోసం నిలవడ్డప్పుడు ఫోన్ మోగింది. మమత. తిరుమల్ ముందుగాలనే అన్ని చెప్పిండు ఆమెకు, వాని పద్ధతిల.

"కాక, మేం నీకేం చేసినం?" ఏడుస్తుంది. "ఆడ మా ఆయనకు అండగ ఉంటవనుకున్న. గోడ పోయింది, పిల్లలు బడి అరుగు మీద పంటున్నరు. ఇప్పుడు ఆయనను సుత తోలేస్తరట గదా. నీ నోరు ఊకోలేదా?"

ఏం చెప్పాలె? చింతగింజ సంగతి చెప్దామంటే ఆమెకు భయమైతది. చెప్పకుంటే నేను పాపాత్మున్ని. "మనిషి ఉంటడు బిడ్డా," అన్న. "మనిషైతే ఉంటడు." ఆమె ఫోన్ కట్ చేసింది.

క్యాంపుకు పోయేసరికి అందరికి తెలిసింది. మెస్సుల నా పక్కన ఎవరూ కూసోలే. నిన్న చాయ్ తెప్పిచ్చినోడు నా కంచం దాటుకుంట పోయి, "అరేయ్, కాకకు జాగ ఇడువుండ్రి, సీఐడీ ఆయన," అన్నడు. నవ్విన్రు. అదే నవ్వు, నిన్నటిదే. నేను అన్నం తిన్న. చప్పగున్నది.

తెల్లారి నాలుగున్నరకు బస్సు వచ్చింది. ఎక్కలే. ఏడుకు మెడికల్ వ్యాన్ తలుపు తీసిన్రు. వరుసల నిలవడ్డ, నా ముందర పద్నాలుగు మంది. నా వంతు వచ్చినంక లోపటికి పోయి మాస్కు తీసేసి, నా బతాకా పెట్టిన.

పిలగాడు నంబర్ కొట్టి, "నై హై లిస్ట్ మే," లిస్టుల లేవన్నడు.

"పరసోఁ గజేందర్ కే నామ్ పే మై సోయా," అన్న. మొన్న వాని పేరు మీద పండుకున్నది నేనే అని చెప్పేతందుకు గంత హిందీ నాకు చాలు. గజేందర్ నంబర్ చెప్పిన. "ఓ కాగజ్ మేరా హై. కాట్ దో," ఆ కాగితం నాది, కొట్టెయ్యమన్న.

వాడు చెవుల్ల తీగెలు తీసిండు. మొదటిసారి నా మొకం చూసిండు. "బాబా, జావ్. ప్రాబ్లం హోగా," అన్నడు. నేను కుర్చీల కూసున్న. వాడు ఎవరికో ఫోన్ చేసిండు, వాళ్లు ఇంకెవరికో చేసిన్రు. బయట వరుసల ఉన్నోళ్లు ఒర్రుతున్నరు. తిరుమల్ ఉరికొచ్చి నా బుజం పట్టి గుంజిండు, కుర్చీతోటి సహ గుంజిండు. లేవలే. కాగితం ఇచ్చి రాయమన్నరు, తెలుగుల రాసిన, కింద పేరు రాసి వేలుముద్ర సుత ఏసిన. ఆ పిలగాడు గజేందర్ పేరు మీదున్న గీతలను కొట్టేసి, స్క్రీను నా దిక్కు తిప్పి చూపెట్టినంకనే లేచిన.